అడిగినప్పుడు ఇవ్వాలి

మా మ్యూజియం వెనక గోడ ఆ వానాకాలంలో జానెడు పక్కకు జరిగింది. జరిగిందని నేను చెబితే మాస్టారు నమ్మలేదు. "గోడలు నడుస్తాయా అమ్మా, కళ్ళజోడు మార్పించుకో" అన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి, గోడకూ కిటికీ చట్రానికీ మధ్య పడ్డ సందులో ఆయన అరచేతినే పెట్టించాను. చెయ్యి మణికట్టు దాకా దూరింది. మాస్టారు చాలాసేపు చెయ్యి బయటికి తీయలేదు. తీశాక, "అయితే మూసెయ్యాల్సిందే" అన్నారు నెమ్మదిగా.

ఎనభైల చివరి మాట ఇది. కొత్తగూడెం నుంచి సారపాక వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది మా ఊరు. మ్యూజియం అంటే అద్దాల బీరువాలూ, టిక్కెట్లూ అనుకునేరు. ఒకప్పుడు ఎవరో దొరలు వేటకొస్తే దిగిన పెంకుటి బంగళా అది. మూడు గదులు, ముందు వరండా. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఎండ తట్టుకోలేక వరండాలోకి వచ్చేవాళ్ళు, వచ్చారు కదా అని లోపలికి తొంగి చూసేవాళ్ళు. మాకు అలా దొరికినవాళ్ళే సందర్శకులు. లోపల బొగ్గుబావి కార్మికుల పాత దీపాలు, గోదావరిలో తెప్పలు నడిపిన గెడలు, రాతి గొడ్డళ్ళు, వేట వలలు, ధాన్యం కొలిచే పాత మానికలు, ఒక చర్చి గంట ఉండేవి.

ఇదంతా పోగు చేసింది మాస్టారు. బడిలో సోషలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన పెద్దలు కృష్ణా జిల్లా నుంచి మధిర పక్కకు వచ్చి భూములు కొనుక్కున్నారు. అన్నదమ్ములందరూ ఆ భూమి మీద బతికితే, ఈయనకు మాత్రం ఆ భూమిలో దొరికే పెంకుల మీదా రాళ్ళ మీదా ధ్యాస. సైకిలేసుకుని గూడేలు తిరిగేవారు. నేను ఇంటరు, టైపు లోయరు పాసై, టెంపరరీగా ఆయన దగ్గర చేరాను. మా నాన్న సారపాక కాగితం మిల్లులో వెదురు దింపే కాంట్రాక్టు పని చేసేవాడు. కుర్చీలో కూర్చునే పని నాకు దొరికింది, అంతా దేవుడి మేలేనని మా అమ్మ చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

చేరిన కొత్తలోనే నాకూ మాస్టారికీ ఒక విషయంలో పేచీ వచ్చింది. ఆయన వస్తువులను తిరిగి ఇచ్చేసేవారు. క్రిస్మస్ వచ్చిందంటే పక్క ఊరి చర్చివాళ్ళు వచ్చి గంట పట్టుకెళ్ళేవాళ్ళు, జనవరిలో తెచ్చి పెట్టేవాళ్ళు. కొలతల తగువు వస్తే మానిక వెళ్ళేది. కోయ గూడెంలో పెళ్ళైతే అడవిదున్న కొమ్ములు వెళ్ళేవి. బీరువాలో నాలుగు వస్తువులుంటే ఒకటి ఎప్పుడూ ఊరి మీదే ఉండేది. బడిపిల్లలు వచ్చి ఖాళీ మేకు చూసి "టీచర్, ఇక్కడ ఏముంటుంది" అని అడిగితే నాకు తల తీసేసినట్టుండేది.

"ఇది మ్యూజియమా సార్, సామాన్లు కిరాయికిచ్చే కొట్టా?" అని ఒకరోజు నోరు పారేసుకున్నాను.

మాస్టారికి కోపం రాలేదు. "వాళ్ళు ఇచ్చేటప్పుడు ఏమని ఇచ్చారో అది చెయ్యాలిగా. అడిగినప్పుడు ఇస్తానని మాటిచ్చే తెచ్చాను. లేకపోతే ఎవరిస్తారమ్మా మనకి?" అన్నారు.

కొమ్ముల సంగతి చెప్పాలి. ఆ గూడెం మాకు బస్సులో గంట, ఆపైన నడక గంట. వాళ్ళ పెళ్ళిలో పిల్లను తీసుకుని అవతలి ఊరివాళ్ళు వస్తుంటే, కొమ్ములు తలకు కట్టుకున్న మనిషి డోలు కొడుతూ పొలిమేర దాకా ఎదురువెళ్ళాలి. ఎదురువెళ్ళకపోతే వచ్చినవాళ్ళు పొలిమేర దాటరు, అక్కడే కూర్చుంటారు. అది ఆ గూడెం పద్ధతి. ఒక ఎండాకాలం నిప్పంటుకుని గుడిసెలన్నీ కాలిపోయినప్పుడు ఇంటింటా ఉన్న కొమ్ములు కాలిపోయి, ఒక్క జత మిగిలింది. అడవిదున్నను ముట్టుకుంటే జైలు అన్న రోజులొచ్చాయి కాబట్టి ఇంకో జత వచ్చే దారి లేదు. అప్పుడు ఆ ఊరి పెద్దాయనే వాటిని గుడ్డలో చుట్టుకుని మాస్టారి దగ్గరకు తెచ్చాడట. "మా గుడిసెలు కాల్తయ్ సారూ. మీది పెంకుటిల్లు. మీ కాడ పెట్టుండ్రి, పెండ్లికి కొంచవోత" అన్నాడట. పదహారేళ్ళుగా అలాగే నడిచింది.

ఇక నా నిర్వాకం. మాస్టారు అన్నీ రాసేవారు, కానీ ఎలా రాసేవారు? పిల్లల నోటుపుస్తకాల్లో, అంచుల్లో, అడ్డంగా, నిలువుగా. ఏ వస్తువు ఎవరిచ్చారు, ఇచ్చేటప్పుడు ఏమన్నారు, అన్నం పెట్టారా, మనసు కష్టపెట్టుకున్నారా, అన్నీ అందులోనే. ప్రతి దాని కిందా "అడిగినప్పుడు ఇవ్వాలి" అని ఉండేది. చెదలు సగం తిన్నాయి. నాకు ఒళ్ళు మండి, ఒక చలికాలమంతా కూర్చుని పెద్ద అట్ట రిజిస్టరులోకి ఫెయిరు కాపీ చేశాను. గళ్ళు గీశాను. వరుస సంఖ్య, వస్తువు, ఊరు, ఇచ్చినవారు, తేదీ, ఎట్లా వచ్చింది. చివరి గడిలో బారుగా "దానం, దానం, దానం" అని కిందిదాకా రాసుకుపోయాను. మిగతా సోది ఎందుకులే అనుకున్నాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు, ఆ రిజిస్టరు చూసుకుని నేనే మురిసిపోయాను. పాత పుస్తకాలు కట్టకట్టి ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టాను. వాటి మీద కాగిన నీళ్ళతో తలంటుకున్నాను కూడా. మాస్టారు అడగలేదు. ఆయనకు అన్నీ నోటికే వచ్చు, పుస్తకం చూడాల్సిన పనే పడలేదు.

గోడ సంగతి తెలిశాక ఇంజనీరు వచ్చి చూసి, పెంకులు దింపి కూలగొట్టాల్సిందే అన్నాడు. మాస్టారు కుంగిపోతారనుకున్నాను. వారం తిరిగేసరికి మనిషి పదేళ్ళు చిన్నవాడయ్యాడు. సర్కారువాళ్ళు రోడ్డు పక్కన జాగా ఇస్తామన్నారు. రెండు హాళ్ళు, వెనక ఒక షెడ్డు, పిల్లలు కూర్చునే అరుగు అంటూ ఆయన రోజుకొక ప్లాను గీసేవారు. బిల్డింగు లేచేదాకా వస్తువులన్నీ ఖమ్మంలో ఒక గదిలో సీలు వేసి పెడతామన్నారు. కొత్త మ్యూజియానికి పర్మనెంటు పోస్టు ఒకటి ఉంటుందని, అందులో నా పేరు రాసి ఫైలు పంపారని మాస్టారే చెప్పారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. పర్మనెంటు అన్న మాట మా ఇంటి గుమ్మం అంతకుముందు ఎన్నడూ తొక్కలేదు.

ఎండాకాలం మొదట్లో ఖమ్మం నుంచి ఆఫీసరు వచ్చాడు. సన్నగా ఉండేవాడు, కడుపు నొప్పి మనిషి, సీసాలో మజ్జిగ వెంట తెచ్చుకునేవాడు. చెడ్డవాడు కాదు. నా రిజిస్టరు తెరిచి చూసి, "ఇంత నీటుగా రాసిన రిజిస్టరు నేను మా ఆఫీసులోనే చూడలే" అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది. రోజూ ఒక గది చొప్పున వస్తువు చూపించడం, ఆయన టిక్కు పెట్టడం, గడ్డి పరిచిన పెట్టెలో సర్దడం. ఆ పనిలో ఉండగానే గూడెం పెద్దాయన వచ్చాడు.

వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగి, "మనుమని పెండ్లి వెట్టుకున్నం బిడ్డా. వచ్చే బేస్తారం పిల్లను తోల్కొస్తున్రు. కొమ్ములు కొంచవోదమని వచ్చిన" అన్నాడు.

ఆఫీసరు లోపలి నుంచి విని బయటికి వచ్చాడు. "అట్ల ఇయ్యనీకి లేదు పెద్దాయనా. మంగళవారం సీలు వేస్తాం. సీలు పడ్డంక కొత్త బిల్డింగు దాకా తీసే అధికారం నాకే లేదు."

"నేను మాటిచ్చానండీ" అన్నారు మాస్టారు. "అవి వాళ్ళవి. దాచమని ఇచ్చారు."

"రిజిస్టరులో దానం అని ఉంది సార్. దానమైతే అది మ్యూజియం సొత్తు. దాచమని ఇచ్చినట్టు ఎక్కడన్న రాసి ఉంటే చూపెట్టండి, ఇప్పుడే ఇచ్చేస్తా. నాకేం పగ?"

మాస్టారు ముఖం విప్పారింది. "రాశానుగా. నా నోటుపుస్తకాల్లో ప్రతి దాని కిందా రాశాను. అమ్మా, ఆ పాత పుస్తకాలు తీసుకురా."

ముగ్గురూ నా వైపు చూశారు. ఎవరితోనైనా ఇట్టే కయ్యానికి దిగే నోరు, ఆ క్షణాన పెగల్లేదు. "ఎక్కడో పెట్టాను సార్, వెతుకుతా" అన్నాను. అబద్ధం. నా జీవితంలో అంత తేలిగ్గా ఏ అబద్ధమూ ఆడలేదు. పెద్దాయన లేచి, "ఎతుకుండ్రి బిడ్డా, మంగళారం లోపట మల్లొస్త" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు వెతికినట్టు నటించాను. మాస్టారు కూడా నాతోపాటు బీరువాల వెనక, అటక మీద వెతికారు. ఆ వయసులో నిచ్చెనెక్కి, దుమ్ముకు దగ్గుకుంటూ "కంగారు పడకమ్మా, దొరుకుతాయి" అని నాకే ధైర్యం చెప్పారు. చెప్పేద్దామని పదిసార్లు అనుకున్నాను. చెబితే రికార్డులు తగలబెట్టిన మనిషికి పర్మనెంటు పోస్టు ఎవడిస్తాడు? మా అమ్మ ముఖం కళ్ళ ముందుకొచ్చేది, నోరు మూసుకునేదాన్ని. మధ్యలో ఆయన మీదే కోపం వచ్చేది, అంత అడ్డదిడ్డంగా ఎవరు రాయమన్నారని. తప్పు నాదైనప్పుడు నాకు ఎదుటివాళ్ళ మీద కోపం ఎక్కువ వస్తుంది.

ఆదివారం చర్చి మానేసి బస్సెక్కాను. నాకు తోచిన ఉపాయం ఒకటే. పెద్దాయన, ఇంకో నలుగురు ముసలివాళ్ళు వచ్చి, అవి దాచమని ఇచ్చినవే అని ఆఫీసరు ముందు చెబితే సరి, పుస్తకాల ఊసే రాదు. రోడ్డు దిగి నడిచాను. ఇప్పపూలు రాలే రోజులు, అడవంతా ఆ తీపి వాసనతో కళ్ళు తిరిగేలా ఉంది. గూడెంలో పందిరికి గుంజలు పాతుతున్నారు. పెద్దాయన నన్ను చూసి నులక మంచం వాల్చాడు, దోసెడు ఇప్పపూలు వేయించి పెట్టారు.

ఉపాయం చెప్పాను. ఆయన ఆసాంతం విని, "మేం చెప్తే వాళ్ళు రాతలు ఏవి అంటరు గద. సారు రాసిన బుక్కులు దొర్కలేదా?" అన్నాడు.

ఏమైందో, ఆయన ముఖం చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. "అవి నేనే పొయ్యిలో పెట్టాను. నాలుగేండ్లయింది. సారుకు తెలవదు" అన్నాను. చెప్పి ఏడ్చాను.

పక్కన గుంజ పాతుతున్న పెళ్ళికొడుకు తండ్రి చేతిలో గడ్డపార ఆగిపోయింది. వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అన్నాడు. నాకు ఆ భాష రాదు, కానీ తిట్టు ఏ భాషలోనైనా తెలుస్తుంది. పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"మేమొచ్చి చెప్తే, దానమని ఎవరు రాసిన్రు అని నిన్నే అడుగుతరు. అవ్ గద?"

"అవ్."

"అడిగితే నీ నౌకరి పోతది."

తలూపాను.

"అయితే మేం రాం" అన్నాడు. "పోనీ తియ్. దున్నపోతు కొమ్ములు కట్కుంటం. ఆల్లతోని మాట్లాడి చూస్త, పొలిమేర దాటుతరో దాటరో. నువ్ పో బిడ్డా, ఎండెక్కుతది."

నేను వెళ్ళింది నా ఉద్యోగం కాపాడుకునే ఉపాయంతో. ఆయన దాన్ని నాకంటే బాగా కాపాడి, తన కొమ్ములు వదులుకుని పంపాడు. తిరిగి వస్తూ దారంతా ఆయన్నే తిట్టుకున్నాను. నాలుగు మాటలు అని ఉంటే ఏం పోయేది, తిట్టి ఉంటే ఏం పోయేది అని. అలా అని ఉంటే నేను హాయిగా ఉద్యోగం చేసుకునేదాన్నేమో. బస్సులో కూర్చున్నాక సిగ్గు ముంచుకొచ్చింది. ఇల్లు చేరేసరికి ఏం చేయాలో తేలిపోయింది. అమ్మతో కూడా చెప్పలేదు, చెబితే ఆపుతుందని.

సోమవారం పొద్దున్నే ఆఫీసరు మజ్జిగ సీసా మూత తీయకముందే చెప్పేశాను. మాస్టారు కూడా అక్కడే కుర్చీలో ఉన్నారు. ఆఫీసరు, "నోటితో చెప్తే పనికిరాదమ్మా, రాసియ్యాలె. రాస్తే అది ఫైలుల పడతది. ఫైలుల పడితే నీ పోస్టు సంగతి నా చేతుల ఉండదు. ఆలోచించుకో" అన్నాడు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, జాలే ఉంది. నేను ఆలోచించుకుంటే మళ్ళీ మనసు మారుతుందని, అక్కడే నిలబడి రాశాను. పాత పుస్తకాలు నేనే తగలబెట్టానని, వాటిలో ప్రతి వస్తువు కిందా అడిగినప్పుడు ఇవ్వాలని ఉండేదని, దానం అన్న మాట నా సొంత కల్పన అని రాసి సంతకం పెట్టాను. ముత్యాల్లాంటి దస్తూరీ ఆ రోజు వంకర్లు పోయింది.

ఆఫీసరు రెండుసార్లు చదువుకున్నాడు. కొమ్ముల పెట్టె తెరిపించి, జాబితాలో ఆ వరుస కొట్టేసి పక్కన సంతకం చేశాడు. మిగతా వస్తువులకు మాస్టారు గుర్తున్నవి గుర్తున్నట్టు చెబుతుంటే, ఎవరెవరివి ఏ మాట మీద వచ్చాయో ఇంకో కాయితం రాయించి జాబితాకు కుట్టాడు. రాసింది నేనే. మాస్టారు చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. మొత్తం అయ్యాక, "ఆ పుస్తకాల్లో మా ఆవిడ దస్తూరీ కూడా ఉండేదమ్మా, నాకు జ్వరం వచ్చినప్పుడు తను రాసేది" అన్నారు. ఆమె పోయి అప్పటికి చాలా ఏళ్ళు. నన్ను కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మంగళవారం పెద్దాయన రాలేదు. ఎందుకొస్తాడు, రానవసరం లేదని తనే కదా తేల్చుకున్నాడు. లారీ ఎక్కిన పెట్టెలు ఖమ్మం వెళ్ళిపోయాయి. ఖాళీ గదుల్లో మాస్టారు మాట్లాడితే మాట తిరిగి వినిపించింది. బంగళాకు తాళం వేశాం, దాంతో నా టెంపరరీ పనీ అయిపోయింది. బేస్తవారం నేను కొమ్ములను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాను.

నేను చేరేసరికి అవతలివాళ్ళు పొలిమేరలో చింతచెట్ల కింద కూర్చుని ఉన్నారు. పెళ్ళిపిల్ల పసుపు చీరలో మధ్యన కూర్చుని ఉంది. ఇవతల పెద్దాయన దున్నపోతు కొమ్ములు కట్టిన మనిషిని పక్కన పెట్టుకుని, వాళ్ళ పెద్దలకు ఏదో నచ్చజెబుతున్నాడు. అవతలి పెద్దలు తల అడ్డంగా ఊపుతున్నారు. నేను దుప్పటి విప్పాను. ఆడవాళ్ళు పసుపునీళ్ళతో కొమ్ములు కడిగారు, ఇప్పసారా చిలకరించారు, నెమలి ఈకలు చెక్కారు. డోలు మోగింది. కొమ్ములు కట్టుకున్న మనిషి తల వంచి, నేలను పొడిచేవాడిలా అడుగులేస్తూ ముందుకు నడిస్తే, చెట్ల కిందివాళ్ళు లేచి నిలబడ్డారు. పెళ్ళిపిల్ల నవ్వింది. మ్యూజియంలో మేకుకు వేలాడే ఆ కొమ్ములకు ఎనిమిదేళ్ళు దుమ్ము దులిపాను, అవి ఎందుకున్నాయో ఆ రోజు చూశాను.

ఆ సాయంత్రం బస్సు దొరకదని అక్కడే ఉండమన్నారు. తెల్లారి బయల్దేరుతుంటే పెద్దాయన కొమ్ములను అదే దుప్పట్లో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇవి మీవే" అన్నాను. "జాబితాలోంచి తీసేశారు. మీ దగ్గరే ఉంచుకోండి. ఇక మ్యూజియం లేదు, నాకు నౌకరీ కూడా లేదు."

పెళ్ళికొడుకు తండ్రికి ఆ మాట నచ్చింది. "ఉంచుకుందం. గామె చేతికి మల్ల ఇస్తవా? బుక్కులు కాలవెట్టిన మనిషి" అన్నాడు ఈసారి తెలుగులోనే, నాకు తెలియాలని. నాకు కోపం రాలేదు. అన్నది నిజమే.

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. "ఇక్కడుంటే కాల్తయ్. ఎవరింట్లనన్న పెట్టాలె గద. తప్పు జేసి మూస్కోని కూసున్నోల్లు మస్తుమంది ఉన్రు. గీమె నౌకరి వోతదని తెల్సి గూడ చెప్పింది. గీమెకే ఇస్త" అన్నాడు. నా వైపు తిరిగి, "మీ ఇల్లు పెంకుటిల్లేనా బిడ్డా?" అని అడిగాడు.

"పెంకులే. కిరాయి ఇల్లు" అన్నాను.

"సరే మరి" అని మూట నా చేతుల్లో పెట్టాడు. రెండు చేతులా అందుకున్నాను.